మంచు మీది వెలుగు: ఒక మాస్టారి సవరణ

బరంపురంలో తెలుగు మీడియం పిల్లలకు 30 ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయినవాణ్ణి. "మంచు తెల్లన గనుక తనమీద పడ్డ ఎండను అన్ని వైపులకూ సమానంగా తిప్పి పంపుతుంది" అని ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అది సగమే నిజమని మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చిన నా పూర్వ విద్యార్థిని తేల్చింది. ఆమె బెంగుళూరులో ఉపగ్రహ చిత్రాల మీద పనిచేస్తోంది. "మాస్టారూ, మీ బొమ్మలో బాణాలన్నీ ఒకే పొడుగు. అక్కడే తప్పు" అంది నవ్వుతూ.

సంగతేమిటో చూద్దాం. సున్నం వేసిన గోడ ఎండలో ఎటునుంచి చూసినా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. స్టీలు పళ్లెమైతే ఒక్క వైపు నుంచే కళ్లు జిగేల్‌మంటాయి. వరిచేనును సూర్యుడు మన వీపు వెనక ఉండగా చూస్తే వెలుగెక్కువ. ఆకుల నీడలు ఆకుల చాటుకే పోతాయి కదా!

మంచు తీరు వేరు. దాని రేణువులు తమలోకి వచ్చిన కిరణాన్ని ఎక్కువగా ముందుకే నెడతాయి. అందుకే సూర్యుడు వాలి ఉన్నప్పుడు అతనికి ఎదురుగా నిలబడి దూరానికి చూస్తే మంచు మరింత మెరుస్తుంది. కంటికి కనపడని పరారుణ కాంతిలో ఈ తేడా ఇంకా పెద్దది. ఇక ఉత్తర ధ్రువం వైపు టండ్రా అనే చెట్లులేని మైదానాల్లో, మంచులోంచి గడ్డి, పొదలు తలలెత్తి పొడుగాటి నీడలు పరుస్తాయి. లెక్క మరీ చిక్కు.

మరి కొలిచేదెలా? అలాస్కా ఉత్తరపు కొసన బారో అనే ఊరుంది. 2016లో దాని పేరు ఉత్కియాగ్విక్‌గా మారింది. ఏప్రిల్ మొదటి వారంలో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 26 డిగ్రీల ఎత్తు దాటడు. 2008 ఏప్రిల్‌లో నాసా వారి పి-3బి విమానం ఆ ఊరి పక్కన గడ్డకట్టిన ఎల్సన్ లగూన్ మీద, సుమారు 200 మీటర్ల ఎత్తున, గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్లు వలయాలు తిరిగింది. అందులోని రేడియోమీటరు నడినెత్తి ఆకాశం నుంచి కింద నేల దాకా చూపు తిప్పుతూ, ఏ దిక్కుకు ఎంత వెలుగు పోతోందో నమోదు చేసింది.

ఇంత శ్రమ ఎందుకంటారా? ఉపగ్రహం ఒక క్షణంలో ఒక చోటును సాధారణంగా ఒక్క కోణం నుంచే చూస్తుంది. ఆ ఒక్క చూపుతో మొత్తం వెలుగు లెక్క కట్టాలంటే మిగతా దిక్కుల సంగతి తెలియాలి. తాజా మంచు నూటికి 80 నుంచి 90 పాళ్ల ఎండను తిప్పి పంపుతుంది. 90కి బదులు 80 అని పొరబడ్డామనుకోండి, తేడా పదే అనిపిస్తుంది. కాని మంచు మింగే పాలు 10 నుంచి 20కి, అంటే రెట్టింపుకు, పెరిగినట్లు లెక్క! మంచు ఎప్పుడు కరుగుతుందో చెప్పే అంచనా అక్కడే తారుమారవుతుంది. కరిగాక బయటపడే నేల నూటికి 20 పాళ్లయినా తిప్పి పంపదు, మరింత వేడెక్కుతుంది.

నేను చెప్పిన బడిలో ఇప్పుడు తెలుగు సెక్షను లేదు. బోర్డు మీద దిద్దుకునే వీలు నాకిక లేదు. నా పిల్లలు విశాఖలో, సూరత్‌లో, ఎక్కడెక్కడో ఉన్నారు. వారిలో ఎవరైనా ఈ పేజీ చూస్తే ఒక్కటే మనవి: మీ పిల్లలకు ఆ బొమ్మ గీసేటప్పుడు, ముందుకు పోయే బాణాన్ని కాస్త పొడుగ్గా గీయండి. మాస్టారే దిద్దమన్నారని చెప్పండి.