తెలుగు వచ్చిన పిల్లలకు ‘గివ్ అప్’ కష్టమా?

‘గివ్’ అంటే ఇవ్వడం. ‘అప్’ అంటే పైకి. మరి ‘గివ్ అప్’ అంటే పైకి ఇవ్వడమా? పిల్లలు ఇలా అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒక్కటే: ‘అదంతే, బట్టీ పట్టు’. గైడు పుస్తకంలో ఫ్రేజల్ వెర్బ్స్ పట్టిక ఒకటి ఉంటుంది. పరీక్షకు ముందు రోజు చదువుతారు, పరీక్ష కాగానే మరిచిపోతారు.

టి. నగర్‌లోనూ, చుట్టుపక్కల పేటల్లోనూ పెరిగే మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకాల్లో ఇంగ్లీషు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. మూడు భాషలు మోయలేరేమో, ఇంగ్లీషులో వెనకబడతారేమో అన్న భయంతో ముందు తెలుగు పీరియడ్ మీదే వేటు వేసే తల్లిదండ్రులు ఉన్నారు. కానీ ఇంగ్లీషులో అందరూ కష్టమనే ఈ ఫ్రేజల్ వెర్బ్స్ దగ్గరే తెలుగు బాగా పనికొస్తుంది.

పాత చిక్కే

ఈ కష్టం మనవాళ్లకే వచ్చింది కాదు. 1755లో ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ ముందుమాటలోనే ఈ సంగతి రాశాడు. క్రియ వెనక చిన్న మాట చేరి అర్థం మారిపోవడం పరభాషల వారికి అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుందని హెచ్చరించాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. మాంబళం చెరువు పూడ్చిన చోట, పిట్టి త్యాగరాయ శెట్టి పేరుతో మన టి. నగర్ రూపుదిద్దుకుంటున్న రోజులవి.

మన మాటల్లోనూ ఉంది

‘వాడు నాలుగు డబ్బులు వెనకేశాడు’ అంటే డబ్బును వీపు వెనక పడేశాడని ఏ తెలుగు పిల్లా అనుకోదు. కూడబెట్టాడని తెలుసు. ‘తమ్ముణ్ని వెనకేసుకొచ్చింది’ అంటే తప్పు చేసినా సమర్థించిందని తెలుసు. ‘కష్టపడి పైకొచ్చాడు’, ‘బడి ఎగ్గొట్టాడు’, ‘పెన్ను కొట్టేశాడు’ అన్నవీ అంతే. విడివిడి మాటల అర్థాలు కలిపితే వచ్చేది ఒకటి, వాడుకలో ఉన్నది మరొకటి. వీటిని పిల్లలు బట్టీ పట్టలేదు, వింటూ నేర్చుకున్నారు. ‘గివ్ అప్’ కూడా ఈ జాతి మాటేనని, ‘చేతులెత్తేశాడు’ లాంటిదని చెబితే సగం బెరుకు తీరిపోతుంది.

ఇంకాస్త ముందుకు వెళ్లొచ్చు. ‘తిను’కూ ‘తినెయ్’కూ తేడా ఏమిటి? తినెయ్ అంటే మిగల్చకుండా పూర్తి చెయ్యమని. ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’, ‘యూజ్ అప్’ వంటి వాటిలో ‘అప్’ చేసే పని ఇదే. ‘వెళ్లు’కు ‘పో’ చేరితే వెళ్లిపో, ‘గో’కు ‘అవే’ చేరితే ‘గో అవే’. పారిపోతే ‘రన్ అవే’, పారేస్తే ‘త్రో అవే’. ‘చెబుతూ పో’ అంటే ‘గో ఆన్’. తమిళంలో ‘విడు’ కూడా మన ‘వేయు’, ‘పోవు’లు చేసే పని చేస్తుంది కాబట్టి చెన్నై పిల్లలకు ఈ పోలిక రెండు వైపుల నుంచీ అందుతుంది.

అన్నీ ఇలా జతకుదరవు. నిఘంటువులో మాట వెతకడాన్ని ‘లుక్ అప్’ అంటారు. దానికి మన ‘వేయు’తో పని లేదు. అలాంటివి వాక్యంతో కలిపి నేర్చుకోవలసిందే.

ప్యాకప్ నుంచి గెటప్ దాకా

తెలుగు సినిమాకు మద్రాసే ఇల్లుగా ఉన్న రోజుల్లో ఎన్టీఆర్ ఇల్లు టి. నగర్ బజుల్లా రోడ్డులో ఉండేది. స్టూడియోలు కోడంబాక్కం, వడపళని వైపు. అక్కడ రోజూ వినిపించిన మేకప్, టచప్, గెటప్, ప్యాకప్ అన్నీ ఫ్రేజల్ వెర్బ్స్ నుంచి పుట్టిన నామవాచకాలే. మనం వాటికి ‘చెయ్యి’, ‘వెయ్యి’, ‘చెప్పు’ తగిలించి తెలుగు చేసుకున్నాం.

ఇక్కడే కాస్త జాగ్రత్త కావాలి. మనకు గెటప్ అంటే వేషం, ఇంగ్లీషులో ‘గెట్ అప్’ అంటే లేవడం. ‘ఫ్యాన్ ఆన్ చెయ్యి’ అనే అలవాటుతో పిల్లలు ‘ఆన్ ది ఫ్యాన్’ అని రాస్తారు. ఇంగ్లీషులో ‘ఆన్’ ఒక్కటే ఆ పని చెయ్యలేదు. ‘స్విచ్ ఆన్ ది ఫ్యాన్’ అనాలి. ‘స్విచ్ ది ఫ్యాన్ ఆన్’ అన్నా ఒప్పే. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: ‘స్విచ్ ఇట్ ఆన్’. ‘లుక్ ఆఫ్టర్’ వంటివి విడిపోవు కాబట్టి ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అంటాం.

తప్పు ఎక్కడ నుంచి వస్తోంది?

మన విభక్తులు ఇంగ్లీషులోకి జారిపోయే చోట్లు కొన్నే. ‘దాని గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్ అబౌట్’ అంటారు. అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘నాకు చెప్పు’లోని ‘కు’ వల్ల ‘టెల్ టు మి’ వస్తుంది. ‘టెల్ మి’ చాలు. ‘పాట విను’లో విభక్తి కనపడదు కాబట్టి ‘లిజన్ టు’లో ‘టు’ ఎగిరిపోతుంది. మనకు బస్సయినా ఆటో అయినా ఎక్కడం, దిగడమే. ఇంగ్లీషులో బస్సు, రైలు అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. ఆటో, కారు అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. టి. నగర్ బస్టాండులోనో, మాంబళం స్టేషన్‌లోనో నిలబడి రెండు నిమిషాలు చెబితే చాలు.

ఉపాధ్యాయులు యాభై మాటల పట్టిక ఒక్కసారే ఇవ్వకుండా, వారానికి ఐదు ఇచ్చి, ఒక్కోదాని పక్కన పిల్లల చేతే సొంత తెలుగు వాక్యం రాయించవచ్చు. ‘వెనకేశాడు’ లాంటి మాటలు ఇంకో ఐదు అమ్మమ్మనో తాతయ్యనో అడిగి తెమ్మంటే, ఇంగ్లీషు రాని పెద్దలకూ ఆ హోంవర్క్‌లో పాలు దక్కుతుంది. ఈ అభ్యాసం జరగాలంటే మాత్రం బిడ్డకు ‘తిను’, ‘తినెయ్’ల తేడా తెలిసేటంత తెలుగు ఉండాలి. ఇంగ్లీషు కోసమని తెలుగు పీరియడ్ మాన్పించాలనుకునే తల్లిదండ్రులు ఆ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.