సెల్లులో పాఠం ఆగిందా? తూము ఎక్కడ మూసుకుందో చూడండి

వరి సాగులో సందేహం వస్తే మార్టేరు పరిశోధన స్థానానికో, కొబ్బరి, కోకో గురించైతే వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయానికో, ఆయిల్ పామ్ అయితే పెదవేగికో వెళ్ళి రావటం మన ప్రాంత రైతులకు అలవాటే. ఇప్పుడు పాఠాలు సెల్లులోకి కూడా వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2017 జులై 9న ప్రారంభించిన 'స్వయం'లో ఇగ్నో, ఎన్‌పీటీఈఎల్ వంటి సంస్థల కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే మాత్రం ఫీజు కట్టాలి. బడి చదువుల కోసం 2017 సెప్టెంబరు 5న 'దీక్ష' వచ్చింది. 2020లో కరోనాతో బళ్ళు మూతబడ్డాక, సెల్లు చూసి చదవటం ఊరూరా తెలిసిన పని అయింది.

అయితే చిక్కంతా ఒక్కచోటే వస్తోంది. ఎకరం, రెండెకరాలు ఉన్న ఇంట్లో సాధారణంగా ఒకటే స్మార్టుఫోను ఉంటుంది. పగలు అది రైతు జేబులో పొలానికి పోతుంది. రాత్రి ఎనిమిదింటికి పిల్లల చేతికి వస్తుంది. సరిగ్గా అప్పుడే పాఠం తెరుచుకోదు. అసైన్‌మెంటు గడువు ఆ రాత్రితో సరి. మర్నాడు నెట్ సెంటరుకి పరిగెత్తితే ఒక పూట కూలి పోతుంది. ఫోను బాగుచేసే షాపుకి తీసుకెళితే, 'ఫార్మాట్ కొట్టాలండీ' అంటారు. ఫార్మాట్ కొడితే ఫోనులో ఉన్న పాసుపుస్తకం ఫొటోలూ, పిల్లల ఫొటోలూ అన్నీ పోతాయి. చాలాసార్లు అంత అవసరమే ఉండదు. చిన్న సెట్టింగు మారిస్తే సరిపోతుంది.

ముందు ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

చేలోకి నీరు రాకపోతే మీరేం చేస్తారు? విజ్జేశ్వరం నుంచి కాలువలో నీరు వదిలారా అని మొదట చూస్తారు. కాలువలో నీరుంటే తూము దగ్గరికి వెళతారు. తూము తెరిచే ఉంటే పంట బోదె పూడిందేమో చూస్తారు. ఇక్కడా అదే వరుస. కాలువ అంటే మీ నెట్టు. తూము అంటే బ్రౌజరు, అంటే క్రోమ్ వంటి కిటికీ. బోదె అంటే ఆ పాఠాల సైటు.

మొదట వేరే సైటు ఏదైనా తెరిచి చూడండి. అదీ రాకపోతే లోపం నెట్టుదే. డేటా అయిపోయిందా, సిగ్నలు ఉందా చూసుకోవాలి. మిగతావన్నీ వచ్చి పాఠాల సైటు ఒక్కటే రాకపోతే, పక్కింటి వారి ఫోనులో అదే సైటు తెరిచి చూడండి. అక్కడా రాకపోతే లోపం సైటుదే. గంటో రెండు గంటలో ఆగి మళ్ళీ చూడటమే మందు. అప్పుడు మీ ఫోనులో సెట్టింగులు కదపొద్దు. అక్కడ వచ్చి మీ ఫోనులో రాకపోతేనే తూము సంగతి చూడాలి.

తేదీ తప్పితే తలుపు తీయదు

బ్యాటరీ పూర్తిగా అయిపోయి కొన్నాళ్ళు పక్కన పెట్టిన ఫోన్లలో తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజరు 'మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు' అనో, గడియారం తప్పుగా ఉందనో చెప్పి ఆగిపోతుంది. ప్రతి సైటుకీ ఒక ధ్రువపత్రం ఉంటుంది. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. ఫోనులో తేదీ తప్పుగా ఉంటే ఆ పత్రం చెల్లదని బ్రౌజరు అనుకుంటుంది. ఫోను సెట్టింగుల్లో 'తేదీ, సమయం' దగ్గరికి వెళ్ళి, ఆటోమేటిక్ అన్నది ఆన్ చేస్తే చాలు. తేదీ సరిగ్గా ఉన్నా ఈ హెచ్చరిక వస్తే మాత్రం ముందుకు వెళ్ళొద్దు. ఆ సైటునే అనుమానించాలి.

పాస్‌వర్డు కొట్టినా మళ్ళీ మొదటికే వస్తే

ఇది అందరికీ ఎదురయ్యే తెగులు. పాస్‌వర్డు సరైనదే. లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ పాస్‌వర్డు అడుగుతుంది. దీనికి కారణం సాధారణంగా కుకీలు. సొసైటీలో డబ్బు కట్టి చీటీ తీసుకుంటారు. ఆ చీటీ చూపిస్తేనే గోడౌనులో ఎరువు బస్తా ఇస్తారు. చీటీ పారేసుకుంటే మళ్ళీ మొదటి నుంచి మీరెవరని అడుగుతారు. కుకీ కూడా అలాంటి చీటీయే. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ అనే ఇంజినీరు ఈ పద్ధతి కనిపెట్టారు. బ్రౌజరులో కుకీలను ఆపేస్తే సైటు మిమ్మల్ని గుర్తుపట్టలేదు.

కొన్ని పాఠాల సైట్లలో లాగిన్ ఒకచోట, వీడియో ఇంకొకచోట నుంచి వస్తాయి. అప్పుడు 'థర్డ్ పార్టీ కుకీలు' కూడా కావాలి. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగులు, ఆ తర్వాత సైట్ సెట్టింగులు తెరిస్తే ఇది కనబడుతుంది. పాఠం అయ్యే వరకు అనుమతించి, పని అయ్యాక మళ్ళీ ఆపేసుకోవచ్చు.

కుకీలు తెరిచే ఉన్నా పని జరగకపోతే పాత చీటీ పాడైందేమో చూడాలి. కాలువలో గుర్రపుడెక్క పేరుకున్నట్టు బ్రౌజరులో పాత డేటా పేరుకుంటుంది. ఇది తెలుసుకోవటానికి తేలిక పద్ధతి ఒకటుంది. మూడు చుక్కలు నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, అందులో ఆ సైటుకి వెళ్ళండి. అక్కడ పాత డేటా ఉండదు. కాబట్టి అక్కడ తెరుచుకుంటే తప్పు పాత డేటాదే. అయితే ఇన్‌కాగ్నిటోలో థర్డ్ పార్టీ కుకీలు మామూలుగా ఆపివేసి ఉంటాయి. అందుచేత అక్కడ తెరుచుకోనంత మాత్రాన పాత డేటా తప్పు లేదని అనుకోకూడదు.

డేటా తీసేటప్పుడు మొత్తం ఊడ్చేయొద్దు. సైటు చిరునామాకి ఎడమపక్క ఉన్న గుర్తు నొక్కి, ఆ ఒక్క సైటు కుకీలు, డేటా మాత్రమే తీసేయండి. అంతా తీయాల్సి వస్తే 'పాస్‌వర్డులు' అన్న చోట టిక్ లేకుండా చూసుకోండి. సగం రాసిన అసైన్‌మెంటు ఉంటే ముందు దాన్ని పంపించాలి. డేటా తీశాక మళ్ళీ లాగిన్ కావాలి గనక పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసుకుని ఇంట్లో భద్రంగా ఉంచుకోండి.

నొక్కినా ఏమీ తెరుచుకోకపోతే

హాల్‌టిక్కెట్టో, క్విజ్జో నొక్కితే కొన్ని సైట్లు కొత్త కిటికీ తెరుస్తాయి. ప్రకటనల బెడద తగ్గించటానికి బ్రౌజర్లు ఇలాంటి కిటికీలను ఆపుతాయి. అలా ఆపినప్పుడు తెర మీద 'పాప్-అప్ ఆపబడింది' అని చిన్న మాట వస్తుంది. ఆ మాట పక్కనే అనుమతించే మీట ఉంటుంది. పాఠాల సైటుకు మాత్రమే అనుమతి ఇవ్వాలి. అన్ని సైట్లకూ ఇస్తే చెత్త ప్రకటనలన్నీ లోపలికి వస్తాయి.

ప్రకటనలు ఆపే యాప్ గానీ, వీపీఎన్ గానీ వేసుకుని ఉంటే పాఠం అయ్యే వరకు ఆపి చూడండి. సైట్ సెట్టింగుల్లో జావాస్క్రిప్ట్ అనుమతించి ఉందో లేదో కూడా చూసుకోవాలి. అది ఆగితే మీటలన్నీ బొమ్మల్లా కనబడతాయి గానీ పనిచేయవు. ఫేస్‌బుక్కులోనో, టెలిగ్రాంలోనో వచ్చిన లింకు ఆ యాప్ లోపలే తెరుచుకుంటే, మూడు చుక్కలు నొక్కి 'క్రోమ్‌లో తెరవండి' ఎంచుకోవాలి.

మాట వినబడదు, మనిషి కనబడడు

ప్రత్యక్ష తరగతుల్లో మీ మాట అవతలికి వెళ్ళకపోతే రెండు తూములు చూడాలి. మొదటిది ఫోనుది. ఫోను సెట్టింగుల్లో యాప్‌లు, అందులో క్రోమ్, అందులో అనుమతులు తెరిచి కెమెరా, మైకు ఇచ్చి ఉన్నాయో లేదో చూడండి. రెండోది బ్రౌజరుది. సైటు చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి, ఆ సైటుకి కెమెరా, మైకు అనుమతించాలి. ఒకటి తెరిచి రెండోది మూస్తే నీరు పారదు. ఎప్పుడో తొందరలో 'అనుమతించవద్దు' నొక్కి ఉంటే బ్రౌజరు అదే గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ అడగదు. మీరే వెళ్ళి మార్చాలి.

పాత ఫోను, పాత కంప్యూటరు

బ్రౌజరుకి కూడా విత్తనంలాగే కాలం తీరుతుంది. 2023 చివరి నుంచి ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు కొత్త క్రోమ్ రావటం ఆగిపోయింది. నెట్ సెంటరులో పాత కంప్యూటరు మీద కూర్చుంటే కూడా జాగ్రత్త. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మద్దతు ఆపేసింది. ఫ్లాష్ అయితే 2020 డిసెంబరు 31తోనే ముగిసింది. 'ఫ్లాష్ వేసుకోండి' అని ఏ సైటు అడిగినా వేసుకోవద్దు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ వీటిలో ఏదైనా తాజాది ఉందేమో అడిగి దాని మీదే కూర్చోండి. పని అయ్యాక లాగౌట్ కావటం మరవద్దు.

వీడియో తిరుగుతూనే ఉంటే

శివారు చేలకు నీరు ఆలస్యంగా అందినట్టు కొల్లేరు లంక గ్రామాల వంటి చోట్ల సిగ్నలు పలచగా ఉండవచ్చు. వీడియో మీద ఉన్న పళ్ళచక్రం గుర్తు నొక్కి నాణ్యత 360కి తగ్గించండి. బోర్డు మీద అక్షరాలు చదవలేకపోతే 480 పెట్టుకోండి. ఫోనులో కనీసం ఒక జీబీ ఖాళీ ఉంచుకోవాలి. సైటు డౌన్‌లోడు చేసుకోనిస్తే, సిగ్నలు బాగున్న తెల్లవారుజామున దించుకుని రాత్రి చూడటం మేలు.

ఏ మీట నొక్కకూడదు?

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. పాఠం తెరుచుకోవాలన్న ఆత్రంలో కనబడిన ప్రతి 'అనుమతించు' నొక్కేయటం ప్రమాదం. పాఠం చూడటానికి మీ ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్టులు అవసరం లేదు. అవి అడిగితే ఇవ్వొద్దు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో, కోర్సు పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్ళను వేసుకోవద్దు. అలాంటివాటి ద్వారా ఓటీపీలు కాజేసి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. ధాన్యం డబ్బు పడిన వారంలో ఇలాంటిది జరిగితే ఒక పంట కష్టం పోయినట్టే. ఎవరు ఫోన్ చేసి అడిగినా ఓటీపీ చెప్పొద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకూ వెంటనే తెలపాలి.

గడువుకి రెండు రోజుల ముందే

సార్వాకు నీరు వదిలిన రోజున తూము బాగుచేయటం మొదలుపెట్టరు కదా. పరీక్షకీ అంతే. రెండు రోజుల ముందే అదే ఫోనులో, అదే బ్రౌజరులో ఒకసారి లాగిన్ అయి చూడండి. తేదీ సరిగ్గా ఉందా, బ్రౌజరు తాజాదేనా, కెమెరా, మైకు పనిచేస్తున్నాయా చూసుకోండి. ఛార్జింగు నిండా పెట్టుకోండి. ఆ పూటకు ఫోను పిల్లల దగ్గరే వదిలి పొలం వెళ్ళండి. ఏదైనా తెగకపోతే తెర మీద వచ్చిన మాటను స్క్రీన్‌షాట్ తీసి కోర్సు సహాయ విభాగానికి పంపండి. గడువులోపే చెప్పినట్టు మీ దగ్గర రుజువు ఉంటుంది.

సెల్లు మొరాయించినా పంట సందేహం ఆగదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి మామూలు ఫోను నుంచైనా ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే మాట్లాడవచ్చు. ఖర్చు లేదు, బ్రౌజరుతో పనీ లేదు.