ఎర్రనేల, నల్లరేగడి, మూడో తరగతి

మొన్న సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా రిజిస్టరు ముందేసుకుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నడుమ బడి ఆమెది, మూడో తరగతి టీచరమ్మ. పిల్లల పేర్ల పక్కన ఎర్ర సిరాతో ‘చూ’, ‘వి’, ‘చే’ అని రాస్తోంది.

“ఇదేం లెక్క బిడ్డా?” అన్నాను.

“చూసి నేర్చుకునేటోళ్ళు, విని నేర్చుకునేటోళ్ళు, చేసి నేర్చుకునేటోళ్ళు తాతా. ఎవరి తీరుకు తగ్గట్టు వాళ్ళకు చెప్పాలంట.”

“మరి నాకేం రాస్తవ్?”

ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ మీద బతికినవాణ్ణి. కొలత వెర్నియర్ మీద కంటితో చూసేవాణ్ణి. టూల్ మొండిపడితే ముందు చెప్పేది చెవే, కీచుమంటుంది. బోల్టు ఎంత బిగిసిందో చేతికే తెలిసేది. మనిషిని ఒక్కణ్ణే, పనిని బట్టి కన్నో చెవో చెయ్యో ముందుకొచ్చేది. బడిలోనూ అంతే. తెలంగాణ పటాన్ని ఎవరైనా చూసే నేర్చుకోవాలి. బతుకమ్మ పాట వరస ఎవరైనా వినే పట్టుకోవాలి. అది పాఠం స్వభావం.

మనవరాలి అక్షరాలు కొత్తవేం కావు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన న్యూజిలాండ్ ఆయన నీల్ ఫ్లెమింగ్ 1992లో ‘వార్క్’ అని నాలుగు తీరులు చెప్పాడు: చూడటం, వినడం, చదివి రాయడం, చేయడం. వినడానికి ఎంతో ముద్దుగా ఉంటుంది. కానీ ముద్దుగా ఉన్నదల్లా నిజమవుతుందా? పరీక్ష పెట్టాలి.

ఎట్లా పెట్టాలో మన ఊళ్ళోనే ఉంది. 1972లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇక్కడికి వచ్చింది. ఆ ఆవరణలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. రెండు రకాల జొన్న విత్తనాలున్నాయనుకోండి. ‘ఇది ఎర్రనేలది, అది రేగడిది’ అని తేల్చాలంటే రెండింటినీ రెండు నేలల్లోనూ చల్లాలి. ఒకటి ఎర్రనేలలో, రెండోది రేగడిలో గెలిస్తేనే ఆ మాట నిజం. ఒకే విత్తనం రెండు చోట్లా గెలిచిందా, ఇక నేల చూసి విత్తనం మార్చే పనే లేదు.

పిల్లలకూ అదే పరీక్ష. ‘చూ’ పిల్లల్లో సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో చెప్పాలి. ‘వి’ పిల్లలకూ అట్లాగే చెప్పి, చివర అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. ఎవరి తీరులో వాళ్ళే మెరవాలి. 2008లో హెరాల్డ్ పాష్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మరో ముగ్గురితో కలిసి ఇట్లాంటి రుజువు కోసం పాత పరిశోధనలన్నీ తిరగేశాడు. ఇంత సరిగ్గా జరిగినవే బహు తక్కువ. వాటిలోనూ కొన్ని ఈ సూత్రాన్ని కాదన్నాయి. పిల్లలకు ఇష్టాలు లేవని కాదు. ఇష్టం వేరు, వంటబట్టడం వేరు. నాకు జిలేబీ ఇష్టం, వంటికి పడేది జొన్నరొట్టె.

“అయితే పిల్లలంతా ఒక్కటేనా తాతా?” కొంచెం కోపంగానే అడిగింది.

“ఎట్లయితరు? గీ పిలగానికి ‘చూ’ ఎందుకు రాసినవ్?”

“చెప్తుంటే వినడు, బొమ్మలే చూస్తుంటడు.”

“ఏ ఊరోళ్ళు?”

“బీహార్. వాళ్ళ నాయిన ఇస్నాపూర్ దిక్కు కంపెనీల పనిచేస్తడు.”

“ఇంట్ల ఏం మాట్లాడుతరు?”

పెన్ను ఆగింది. ‘తీసివేత’ అంటే తెల్లమొహం వేసే ఆ పిల్లవాడు, హిందీలో ‘ఘటానా’ అంటే చేసేస్తాడేమో! మాట అందనివాడు బొమ్మను పట్టుకున్నాడు. అది వాడి తీరు కాదు, ఆసరా. ‘చూ’ అని ముద్ర వేసి బొమ్మలతోనే సరిపెడితే తెలుగు ఎప్పటికి రావాలి?

పిల్లలకు తేడా ఎక్కడుందంటే ఏ మెట్టు మీద ఉన్నారన్న దగ్గర. 2022లో మన రాష్ట్రం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తెచ్చిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం పేరులోనే ఆ సంగతి ఉంది: ముందు పరీక్షించి, పిల్ల ఎక్కడుందో చూసి, అక్కణ్ణుంచి మొదలుపెట్టడం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలువాళ్ళు అంతకు ఎంతో ముందే పల్లె బడుల కోసం పాఠాలను కార్డులుగా విడగొట్టి నిచ్చెనలా పేర్చారు. ఒకే గదిలో ఎవరి మెట్టు నుంచి వాళ్ళు ఎక్కుతారు.

మర్నాడు మనవరాలు అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టుకుని బడికి పోయింది. 52లోంచి 27 తీయాలి. రెండులోంచి ఏడు రాదు, ఒక కట్ట విప్పాలి. విప్పేటప్పుడు ‘పది’ అని ఒకసారి, ‘దస్’ అని ఒకసారి పిల్లలతో గట్టిగా అనిపించిందట. అందరి చేతులూ, కళ్ళూ, చెవులూ ఒకే పుల్లల మీద.

సాయంత్రం రిజిస్టరు చూశాను. ఎర్ర అక్షరాలు కొట్టేసి ఉన్నాయి. ఒక పేరు పక్కన ‘కట్ట విప్పడం రావాలి’, ఇంకో పేరు పక్కన ‘లెక్క వచ్చు, తెలుగు మాట కావాలి’. ఆ గడి చాలక, రాత పక్క గడిలోకి పాకింది.