పిల్లి గీరితే టీటీ ఒక్కటే చాలదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి చూస్తున్నవాళ్లకు ఈ మాట. పిల్లి గీరితే చాలామంది ఒక టీటీ సూది వేయించుకుని ఇంటికి పోతారు. టీటీ ధనుర్వాతానికండీ, రేబిస్‌కు కాదు. పిల్లి పంజా నాక్కుంటుంది కదా, ఆ ఎంగిలి గోళ్లకు ఉంటుంది. రక్తం రాకున్నా సరే, టీకా అవసరమే.

ముందు కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రెండు చెంబులు పోసి ఊరుకోవద్దు. తర్వాత బెటాడిన్ రాయండి. సున్నం, కారం, పసుపు పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వస్తే గాయంలో, చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి.

ఒకటి, రెండు వారాలకు చంకలో బిళ్ల కట్టి జ్వరమొస్తే అది బార్టొనెల్లా బ్యాక్టీరియా వల్ల కావచ్చు. పిల్లి గీరిన సంగతి డాక్టరుకు చెప్పండి.