వేగానికీ ఒక బడి ఉంది

పిల్లలూ! మోటారు కారు నడపటం నేర్చుకోవటానికి ఎన్నాళ్ళు పడుతుందని మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. "నెల రోజులు చాలు" అంటారు. క్లచ్చి తొక్కటం, గేరు మార్చటం, ఎదుటి బండికి దారి ఇవ్వటం, గోడకు తగలకుండా వెనక్కు నడపటం వస్తే లైసెన్సు చేతికి వస్తుంది. తరువాత ఇంకొక ప్రశ్న కూడా అడిగి చూడండి: "మీరు ఎప్పుడైనా ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కారా?" చాలామంది ఆలోచనలో పడతారు. ఇరవై ఏళ్ళుగా కారు నడుపుతున్నవారిలో కూడా అలా ఒక్కసారైనా తొక్కనివారు ఎందరో ఉంటారు. అవసరం రాలేదు, అది వారి అదృష్టం. కాని ఆ అవసరం వచ్చిన రోజున అభ్యాసం చేయటానికి వ్యవధి ఉండదు గదా!

ఈ లోటు తీర్చటానికి వేరే బడులున్నాయి. ఆ బడిలో నల్లబల్ల లేదు, బెంచీలు లేవు. రేసులు జరిగే బాటే తరగతి గది. రేసులు లేని రోజులలో మామూలు మనుషులు రుసుము చెల్లించి, తమ సొంత కార్లనో మోటారు సైకిళ్ళనో అక్కడికి తెచ్చి నడుపుకోవచ్చు. దీనిని "ట్రాక్ డే" అంటారు. ఇక్కడ ఎవరితోనూ పందెం లేదు, బహుమతి లేదు. చాలా చోట్ల గడియారం పెట్టి కాలం కొలవటాన్ని కూడా ఒప్పుకోరు. పక్క సీటులో ఒక గురువు కూర్చుని పాఠం చెపుతాడు.

ఈ బడులు పుట్టిన తీరు తమాషాగా ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం చాలా దేశాలలో హడావిడిగా రన్‌వేలు వేశారు. యుద్ధం ముగిశాక వాటితో పని లేకపోయింది. అంత పొడుగున, అంత వెడల్పున, ఎదురు బండి రాని బాట మరెక్కడ దొరుకుతుంది? ఇంగ్లండులో సిల్వర్‌స్టన్ అనే విమానాశ్రయం 1948లో రేసు బాట అయింది. స్నెటర్టన్ అనే మరొక పాత విమానాశ్రయంలో, 1950ల చివర, జిమ్ రస్సెల్ అనే రేసు డ్రైవరు ఒక శిక్షణాలయం పెట్టాడు. బ్రెజిల్ దేశంనుంచి 1969లో ఇంగ్లండు వచ్చిన ఎమర్సన్ ఫిట్టిపాల్డీ ఆయన వద్ద నేర్చుకున్నాడు. మూడేళ్ళు తిరిగేసరికి, 1972లో, అతడే ప్రపంచ విజేత!

మన దేశం కథ కూడా ఇటువంటిదే. మద్రాసుకు దగ్గరలో షోలవరం అనే చోట యుద్ధకాలపు రన్‌వే ఒకటి ఉండేది. దానిమీద ఎన్నో ఏళ్ళపాటు కార్ల పందాలూ, మోటారు సైకిళ్ళ పందాలూ జరిగాయి. తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా బాట కట్టారు. దాని చుట్టు కొలత సుమారు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే అనే మరొక బాట ఉన్నది. ఆ కోయంబత్తూరులో పెరిగిన నారాయణ్ కార్తికేయన్ 1992లో, పదిహేనేళ్ళ వయసులో, ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ శిక్షణాలయానికి వెళ్ళి పాఠాలు నేర్చుకున్నాడు. 2005లో ఫార్ములా వన్ పందాలలో పాల్గొన్న మొదటి భారతీయుడు అతడే. అతని తండ్రి కూడా పేరున్న ర్యాలీ డ్రైవరు. అయినా కుర్రవాడు బడికి వెళ్ళవలసే వచ్చింది, చూశారా!

ఇక ఆ బడిలో ఒక రోజు ఎలా నడుస్తుందో చూద్దాం.

పొద్దున్నే వచ్చినవారి కార్లను ముందు పరీక్ష చేస్తారు. టైర్లు అరిగాయా, బ్రేకులు సరిగా ఉన్నాయా, ఎక్కడైనా నూనె కారుతున్నదా అని చూస్తారు. కారులో ఉన్న నీళ్ళ సీసాలూ, గొడుగులూ, పుస్తకాలూ అన్నీ తీసి బయట పెట్టమంటారు. గట్టిగా బ్రేకు వేస్తే అవి దొర్లుకుంటూ వచ్చి పెడలు కిందికి దూరవచ్చు. తలకు హెల్మెట్ పెట్టుకోవాలి. తరువాత జెండాల పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ఏదో ప్రమాదం ఉన్నది, ఎవరినీ దాటకూడదు. నీలం జెండా అయితే వెనక మనకంటె వేగంగా వచ్చే బండి ఉన్నది. ఎరుపు జెండా అయితే అందరూ నెమ్మదిగా వెనక్కు వచ్చేయాలి. నలుపు జెండా ఎవరికి చూపితే వారు బయటికి రావాలి. తెలుపూ నలుపూ గళ్ళ జెండా కనబడిందంటే ఆ పూటకు ఆట అయిపోయిందన్న మాట. ఈ జెండాలు తెలియనివారిని బాటమీదికి రానివ్వరు.

చాలా చోట్ల మొదటి పాఠం బ్రేకు. తిన్నటి బాటమీద ఒక వరుస రబ్బరు కోన్లు పెడతారు. కారు వేగంగా పోతుంది; కోను రాగానే కాలితో బ్రేకును పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. మొదటిసారి అందరూ సగం బలంతోనే తొక్కుతారు. కాలు భయపడుతుంది! గురువు మళ్ళీ తొక్కమంటాడు. మూడోసారికో నాలుగోసారికో కాలికి ధైర్యం వస్తుంది. మన దేశంలో 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ అనే ఏర్పాటు ఉండి తీరాలి. అది చక్రాలు పూర్తిగా బిగుసుకుపోకుండా క్షణక్షణానికీ బ్రేకును వదులు చేసి మళ్ళీ బిగిస్తూ ఉంటుంది. అప్పుడు పెడలు కాలికింద గడగడ కొట్టుకుంటుంది. తెలియనివారు ఏదో విరిగిపోయిందని బెదిరి కాలు తీసేస్తారు. సరిగ్గా తీయకూడని సమయంలో తీస్తారు! ఈ ఒక్క సంగతి తెలుసుకోవటానికే ఆ బడికి పోవచ్చునని నా అభిప్రాయం.

ఇప్పుడు పలకో కాగితమో తీసుకోండి, ఒక లెక్క చేద్దాం. రెండు కార్లు పక్కపక్కన పోతున్నాయి. ఒకదాని వేగం గంటకు 60 కిలోమీటర్లు, రెండవదానిది 80. దూరాన ఒక ఆవు అడ్డం వచ్చింది. ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో చూశారు. చూసి, బ్రేకుమీద కాలు వేయటానికి ఇద్దరికీ ఒక సెకండు పట్టిందనుకుందాం. పొడిగా ఉన్న మంచి రోడ్డు. మొదటి కారు ఆ సెకండులో సుమారు 17 మీటర్లు పోయి, బ్రేకు పట్టాక మరొక 20 మీటర్లు పోయి, మొత్తం 37 మీటర్లకు ఆగింది. రెండవ కారు సంగతి ఏమిటి? మొదటి కారు ఆగిన చోటికి వచ్చేసరికి దాని వేగం ఎంత ఉంటుందో ఊహించండి. ఇరవై అంటారా? నిజానికి అది ఇంకా గంటకు 60 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతూ ఉంటుంది! ఎందుచేతనంటే, బండిలో ఉండే శక్తి వేగం ప్రకారం కాక, వేగం వర్గం ప్రకారం పెరుగుతుంది. వేగం రెట్టింపు అయితే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగు రెట్లు. బడిలో దీనిని లెక్కగా చెప్పరు, కోన్లు పెట్టి కళ్ళకు కట్టిస్తారు.

కారుకూ నేలకూ ఉన్న సంబంధమంతా నాలుగు టైర్లు నేలను తాకే చోటనే. ఒక్కొక్క టైరు తాకే జాగా మన అరచేతిని మించి ఎంతో ఉండదు. బ్రేకు పట్టటం, మలుపు తిరగటం, ముందుకు ఉరకటం అన్నీ ఆ నాలుగు అరచేతుల పట్టుతోనే జరగాలి. అది చాలకపోతే ఎంతటి డ్రైవరైనా ఏమీ చేయలేడు. 2005 జూన్ నెలలో అమెరికాలో, ఇండియానాపొలిస్ పందెంలో, ఒక కంపెనీ టైర్లు అక్కడి ఏటవాలు మలుపు ధాటికి తట్టుకోలేవని తేలింది. ఆ టైర్లున్న పద్నాలుగు కార్లు పందెం మొదలుకాకముందే వెనక్కు తిరిగాయి. మిగిలిన ఆరు కార్లే పందెం నడిపాయి. అందులో మన కార్తికేయన్‌ది నాలుగవ స్థానం.

ఒక టైరు పట్టు మొత్తం పది పాళ్ళు అనుకోండి. పదీ బ్రేకుకే వాడితే మలుపు తిరగటానికి ఏమీ మిగలదు; చక్రం ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. మరి బ్రేకుకు ఆరు వాడితే? మలుపుకు నాలుగు మిగులుతాయనే గదా మీరు చెప్పబోతున్నారు? కాదు, ఎనిమిది మిగులుతాయి! ఇది కూడిక లెక్క కాదు, పైథాగరస్ లెక్క. ఆరు ఆర్లు ముప్పై ఆరు, ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, రెండూ కలిస్తే నూరు; నూరు అంటే పది పదులు. ఒకటి ముందుకూ ఒకటి పక్కకూ లాగుతున్నది కనుక లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. "ఈ సిద్ధాంతం ఎక్కడ ఉపయోగిస్తుంది మాస్టారూ?" అని లెక్కల క్లాసులో అడిగే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. ఇదుగో, ఇక్కడ! కొత్తవారికి గురువు చెప్పేది మాత్రం సులువైన పద్ధతి: బ్రేకు పని తిన్నటి బాటమీదనే ముగించు, తరువాత మలుపు తిరుగు. చేయి తిరిగినవారు మలుపు మొదలైనాక కూడా బ్రేకును కొద్దికొద్దిగా వదులుతూ, వదిలినంత మేరకు చక్రం తిప్పుతారు.

మలుపులో ఏ దారిన పోవాలన్నది మరొక పాఠం. కుడివైపు మలుపు వస్తే బాట ఎడమ అంచునుంచి మొదలుపెట్టి, మధ్యలో కుడి అంచును తాకి, మళ్ళీ ఎడమ అంచుకు వస్తారు. లోపలి అంచును తాకే చోటును ఏపెక్స్ అంటారు. ఇలా పోతే వంపు పెద్ద వృత్తంలో భాగమవుతుంది. వృత్తం వ్యాసార్ధం నాలుగు రెట్లయితే, అదే టైర్లతో రెట్టింపు వేగంతో తిరగవచ్చు. వేగం పుట్టేది కాలితో తొక్కటంలో కాదు, దారి ఎంచుకోవటంలో!

మీరు బస్సులో నిలబడి ఉండగా డ్రైవరు బ్రేకు వేస్తే ముందుకు తూలుతారు గదా? కారు బరువు కూడా అలాగే ముందు చక్రాలమీదికి వస్తుంది, వెనక చక్రాలు తేలిక అవుతాయి. మలుపు మధ్యలో బెదిరి ఒక్కసారిగా కాలు తీసినా అంతే. తేలికైన వెనక భాగం పక్కకు జారుతుంది. అందుచేత ప్రతి పనీ మెత్తగా చేయాలి. మూడుసార్లు ప్రపంచ విజేత అయిన స్కాట్లండువాడు జాకీ స్టివార్ట్ ఈ మెత్తదనానికి పెట్టింది పేరు. దీనిని నేర్పటానికి కారు ముందు భాగం మీద ఒక గిన్నె బిగించి, అందులో బంతి వేసి, అది కింద పడకుండా మలుపులన్నీ తిరిగి రమ్మంటారు. మంచి పరీక్ష! మీరు పళ్ళెంలో గోళీ పెట్టుకుని వరండాలో మెట్లు ఎక్కి దిగి చూడండి, సంగతి తెలుస్తుంది.

గురువు రోజంతా ఎక్కువసార్లు అనే మాట ఒకటున్నది: "చూపు ఎత్తండి!" కొత్తవారు కారుకు రెండు బారల ముందు నేలను చూస్తారు. భయపడిన వస్తువునే కళ్ళు పట్టుకుంటాయి. కళ్ళు పోయినవైపే చేతులు పోతాయి. చేతులు పోయినవైపే కారు పోతుంది. గోడను చూస్తూ గోడను తప్పించుకోవటం కష్టం. మోటారు సైకిళ్ళ శిక్షణకు పేరుపొందిన అమెరికా గురువు కీత్ కోడ్ శ్రద్ధను పది డాలర్ల నోటుతో పోల్చాడు. మన పద్ధతిలో పది రూపాయలనుకుందాం. కొత్తవాడు గేరుకే ఐదు రూపాయలు ఖర్చుపెడతాడు, భయానికి నాలుగు. బాటను చూడటానికి రూపాయే మిగిలింది! అభ్యాసం వల్ల గేరు ఖర్చు అర్ధరూపాయికి దిగుతుంది.

ఒక్కొక్క పూట పదిహేను, ఇరవై నిమిషాలే నడపనిస్తారు. ఆ తరువాత శ్రద్ధ తగ్గుతుంది, బ్రేకులూ వేడెక్కుతాయి. ఆఖరి చుట్టు బ్రేకు వాడకుండా నెమ్మదిగా తిరిగి వాటిని చల్లారుస్తారు. నిలిపిన తరువాత చేతి బ్రేకు లాగరు. గేరులో వేసి ఉంచుతారు.

ఇంత నేర్చుకున్నవారికి రోడ్డుమీద ప్రమాదాలు తగ్గాలి గదా? ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. నార్వే దేశంలో మంచు ఎక్కువ. అక్కడ 1979లో, కొత్త డ్రైవర్లకు జారుడు నేలమీద శిక్షణ తప్పనిసరి చేశారు. కారు జారితే ఎలా సరిచేయాలో నేర్పారు. తరువాత లెక్కలు తీస్తే, కుర్రవాళ్ళకు జారుడు రోడ్లమీద ప్రమాదాలు తగ్గటానికి బదులు పెరిగాయి! ఒక పూట శిక్షణతో నేర్పు ఇసుమంత పెరిగింది, నమ్మకం కొండంత పెరిగింది. "జారితే ఏం, నాకు తెలుసు" అని వేగంగా పోయారు. ఆ తరువాత ఉత్తర ఐరోపాలో పాఠాన్నే మార్చారు. కారును ఎలా సరిచేయాలో చూపటం తగ్గించి, సరిచేయటం ఎంత కష్టమో చూపటం మొదలుపెట్టారు.

రేసు బాటమీద ఎదురు బండి రాదు, ఆవు రాదు, బంతికోసం పిల్లవాడు పరుగెత్తుకు రాడు. మలుపు అవతల ఏమున్నదో జెండా పట్టుకున్న మనిషి ముందే చెపుతాడు. జారిపోతే ఆపటానికి మట్టి, కంకర పరచి ఉంటారు. ఇవేవీ మన రోడ్డుమీద లేవు.

సాయంకాలం అందరూ ఇంటిదారి పట్టేముందు మంచి గురువు ఇంకొక సంగతి చెపుతాడు. రోజంతా వేగానికి అలవాటుపడిన కళ్ళు మోసం చేస్తాయి. గంటకు 80 కిలోమీటర్లు పోతున్నా, నడిచిపోతున్నట్టే ఉంటుంది. ఈ భ్రమ పోవటానికి కొంతసేపు పడుతుంది. అందుచేత గేటు దాటిన తరువాత మొదటి కొన్ని మైళ్ళు తమ కళ్ళను నమ్మకుండా, స్పీడోమీటరు ముల్లును చూసుకుంటూ నడపమంటాడు.