స్వహస్తాంకిత ప్రమాణపత్రములు

విజయనగర ప్రభువుల తామ్రశాసనముల తుదను ‘శ్రీ విరూపాక్ష’ యను వ్రాలు గానవచ్చును. ఆ వ్రాలునకు సాక్షిగా పైనుండి సంతకము చేయు వేఱొక ప్రభువు లేడు. దానిని మునుపెఱిగినవారికే యది ప్రమాణము. నేడు ‘సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్’ అని వ్యవహరింపబడు స్వహస్తాంకిత ప్రమాణపత్రముయొక్క తత్త్వమును నిట్టిదే. తాళపత్రముల ఛాయాచిత్రములను సర్వరునం దుంచదలచు పండితులు దీనిని దెలిసికొనుట యావశ్యకము.

ప్రతి సర్వరునకును రెండు కీలుండును: ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. సర్వరు పేరు, బహిరంగపు కీ, చెల్లుబడి కాలము, వీని క్రింద నొక సంతకము చేరినచో నది ప్రమాణపత్రము. లోకమునకెల్ల దెఱచియుంచిన వెబ్‌సైట్ల పత్రములపై ప్రమాణసంస్థలు సంతకము చేయును. బ్రౌజరు తాను నమ్మదగిన సంస్థల పట్టికను ముందే యెఱిగియుండును. ఇక అనంతపురపు మెట్టసీమలో నొక పాఠశాల తన గదిలోనే 192.168 అని మొదలగు సంఖ్యగల సర్వరును నెలకొల్పె ననుకొందము. అట్టి సంఖ్యలు స్వంతపు వాడుకకై విడువబడినవి. ఒకే సంఖ్య వేయిచోట్ల నుండవచ్చును గావున, అది ఫలానివారిదని లోకసంస్థలు సాక్ష్యము పలుకజాలవు. అందుచే పాఠశాల తన రహస్యపు కీతో దానే సంతకము చేసికొనును. అంతట బ్రౌజరు హెచ్చరించును.

ఆ హెచ్చరికకు పత్రము కూటమని యర్థము కాదు; సాక్షి లేడనియే యర్థము. సంభాషణము గుప్తముగానే సాగును గాని, ఎవరితో సాగుచున్నదో నిశ్చయము లేదు. ప్రమాణసంస్థల మూలపత్రములు సైతము స్వహస్తాంకితములే. పూర్వపరిచయ మొక్కటియే భేదము. సాక్షి యున్నను బొరపాటు సంభవింపవచ్చును. 2014లో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు ప్రమాణశాఖనుండి గూగులు పేర్లపై ననధికార పత్రములు వెలువడినవి.

ముద్రయున్నంతమాత్రమున శాసనము సత్యము కాదని శాసనపరిశోధకు లెఱుగుదురు. గాంగరాజుల తామ్రశాసనములలో బెక్కింటిని గూటములని త్రోసిపుచ్చిన ఫ్లీటు దొర, పెనుకొండలో దొరకిన మాధవుని శాసనమును మాత్రము లిపిని బరీక్షించి యంగీకరించెను. 2022 వఱకు ననంతపురము జిల్లాలోనుండిన ప్రదేశ మది. అందు దానమైనవి చెరువు క్రింది వరిమళ్లు. వానలు చాలని సీమలో నట్టి మడికై కూటపత్రము పుట్టుట వింతగాదు.

సర్వరు విషయమునను బరీక్షయే శరణము. ‘ఫింగర్ ప్రింట్’ అను 64 అక్షరముల వ్రేలిముద్ర యొకటి ప్రతి పత్రమునకు నుండును. సర్వరును నడపువారు దానిని గాగితముపై నచ్చొత్తి గ్రంథాలయమున నతికింపవలెను. చదువరి బ్రౌజరు చూపు వ్రేలిముద్రను దానితో నక్షరాక్షరము సరిచూచి, పిమ్మటనే పత్రమును దన యంత్రమున జేర్చుకొనవలెను. రహస్యపు కీ యన్యుల చేత బడకుండ గాపాడవలెను. ఇంత జరిగిన పిదప నెన్నడైన హెచ్చరిక తిరిగి వచ్చెనేని, కాలము తీరెనో, పత్రము మాఱెనో, నడుమ వంచకుడు దూరెనో విచారింపవలెను.

పరీక్షింపక హెచ్చరికను దాటిపోవుట విద్యార్థులకు నేర్పరాదు. పాఠశాలలో నా యభ్యాసము పడినవాడు, రేపు బ్యాంకు పేర వచ్చిన కూటపత్రమును సైతము నట్లే దాటిపోవును.