ఒళ్లు మిస్ర్‌ది, జుట్టు గ్రీకులది: టోలమీ రాజుల బొమ్మల కథ

ఫిరౌన్ అనగానే మన ఇళ్లల్లో అందరికీ ఒక్కడే గుర్తొస్తాడు. నిజానికి అది ఒక మనిషి పేరు కాదు, మిస్ర్ రాజుల బిరుదు. ఆ వరసలో చివరి వంశం వాళ్లయితే అసలు మిస్ర్ వాళ్లే కాదు, గ్రీకు మాట్లాడే మాసిడోనియా వాళ్లు. క్రీ.పూ. 332లో సికందర్, అదే మన పుస్తకాల్లోని అలెగ్జాండర్, ఈజిప్టును గెలిచాడు. ఆయన పోయాక సేనాని టోలమీ క్రీ.పూ. 305లో తానే రాజునని ప్రకటించుకున్నాడు. క్రీ.పూ. 30లో క్లియోపాత్రా చనిపోయేదాకా ఏలింది ఈ వంశమే.

వీళ్లకో పెద్ద చిక్కుంది. రాజధాని ఇస్కందరియాలో గ్రీకు పద్ధతి నడుస్తుంది. నైలు వెంట ఉన్న గుళ్లల్లో అది చెల్లదు. అక్కడి పూజారులు కాదంటే ఫిరౌన్‌గా నిలబడటం కష్టం. అందుకే ఒకే రాజుకు గ్రీకుల కోసం ఒక రకం విగ్రహం, గుడి కోసం ఇంకో రకం చెక్కించారు. రెండూ కలిసినవీ ఉన్నాయి, చూడాల్సినవి అవే.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో రాణి రెండో అర్సినోయె సున్నపురాయి బొమ్మ ఉంది. ఎత్తు సుమారు 38 సెంటీమీటర్లు, మూరెడు కూడా లేదు! ఆమె చనిపోయి వందేళ్లు దాటాక పూజ కోసం చేసింది. ఎడమ కాలు ముందుకు, చూపు తిన్నగా, వీపు వెనక చిత్రలిపి చెక్కిన రాతి స్తంభం. ఇదంతా వేల ఏళ్ల మిస్ర్ పద్ధతే. కానీ భుజాల మీదికి మెలికలు తిరిగిన జుట్టు, చేతిలో పళ్లు నిండిన కొమ్ము గ్రీకుల నుంచి వచ్చాయి. ఆ కొమ్ము గ్రీకులకు సిరిసంపదల గుర్తు.

రాజుల తలల్లోనూ ఇదే తీరు. ఫిరౌన్ల చారల తలగుడ్డ అలాగే ఉంటుంది, దాని అంచు కింద నుదుటి మీద మాత్రం గ్రీకు ఉంగరాల జుట్టు తొంగిచూస్తుంది. ఇది సగం సగం కలిపిన కలగలుపేం కాదని నాకనిపిస్తుంది. నిలబడే తీరు, రాయి చెక్కే పద్ధతి శిల్పి తనవే ఉంచుకున్నాడు. పై నుంచి తీసుకున్నది కొంచెమే.

ఎందుకంటే గుడిలో మాట పూజారులది. రషీద్ ఊరి దగ్గర 1799లో దొరికిన రోసెట్టా రాయి మీద క్రీ.పూ. 196 నాటి వాళ్ల తీర్మానం ఉంది. ప్రతి గుడిలో ఐదో టోలమీ విగ్రహం పెట్టాలని అందులో రాశారు. ఎలా చెయ్యాలో కూడా చెప్పారు: మిస్ర్ పద్ధతిలో.